పదిహేడో నంబరు మనిషి

ఆ ఎండాకాలం నేను మనిషిగా ఉద్యోగం చేశాను. వేళాకోళానికి అనడం లేదు. కరీంనగర్‌లో ఆ ఆఫీసువాళ్లు చేతికిచ్చిన కాగితంలో నా హోదా 'మానవ పరిశీలకురాలు' అనే ఉంది. డిగ్రీ పట్టా, ఆధార్ నకలు, రెండు ఫొటోలు తీసుకుని, నేను మనిషినేనని తేల్చుకున్నాక మెడలో కార్డు వేశారు. దాని మీద ప్రవళిక అన్న నా పేరు లేదు, పదిహేడు అని అంకె ఉంది.

పని ఏమిటో చెబితే నవ్వుకుంటారు. ఒక ఆరోగ్య బీమా కంపెనీ. దానికి ఫోన్ చేస్తే మనుషులెవరూ ఎత్తరు, మిషన్ ఎత్తుతుంది. తేనె పూసిన గొంతుతో ఎవరికి జబ్బు, ఏం జబ్బు, ఏ ఆస్పత్రి అని అడుగుతుంది. వైద్యానికి అనుమతి ఇవ్వాలో వద్దో కూడా అదే తేల్చేస్తుంది. ప్రాణాల మీద మిషన్ పెత్తనమేమిటని జనం గగ్గోలు పెడితే పైనుంచి ఒక నిబంధన దిగింది. మిషన్ కాదన్న ప్రతి దరఖాస్తునూ ఒక మనిషి చూడాలి. చూసిన మనిషి నంబరు జవాబు కింద వేయాలి. జనం గుట్టు బయటపడకుండా ఆ మనిషికి పేర్లూ ఊళ్లూ కనిపించకూడదు. ఎంత ముచ్చటగా ఉందో చూడండి. కంపెనీ ఆ నిబంధనను పొల్లుపోకుండా పాటించింది. మమ్మల్ని ఇరవై నాలుగు మందిని తెచ్చి, ఏసీ గదిలో వరసగా కూర్చోబెట్టి, చూడమంది.

చూడడమంటే ఇదీ. మిషన్ రాసిన నాలుగు ముక్కల సారాంశం తెర మీదికి వస్తుంది. దాని కింద ఆ ఫోన్ మాటల రికార్డు ఉంటుంది, కావాలంటే వినొచ్చు. ఆ కింద రెండు బటన్లు. పచ్చది 'చూశాను, సరే'. ఎర్రది 'మళ్లీ విచారించాలి'. ఎర్రది నొక్కితే కారణం రాయాలి, గడులు నింపాలి, మేనేజరు ముందు నిలబడాలి. పచ్చది నొక్కితే ఏ బాధా లేదు, తర్వాతది వచ్చేస్తుంది. గంటకు ఇన్ని చూడాలని ఒక లెక్క పెట్టారు. రికార్డు వింటూ కూర్చుంటే ఆ లెక్క ఏడు జన్మలకూ తెగదు. అలాగని వినొద్దని మాతో ఎవరూ అనలేదు. అలా నోరు జారేంత అమాయకులు కారు వాళ్లు.

మొదటి వారం అన్నీ విన్నాను. రెండో వారం కొన్ని విన్నాను. మూడో వారం నుంచి హెడ్‌ఫోన్లు జుట్టు చెదరకుండా మెడకు తగిలించుకునేదాన్ని. ఏప్రిల్ ఆఖరుకు గోడ మీద 'మీ నమ్మకమే మా ఊపిరి' అన్న అక్షరాల కింద నా ఫొటో అంటించారు, ఈ నెల మేటి అని. దాన్ని మళ్లీ ఫొటో తీసి మస్కట్‌లో ఉన్న మా అన్న రాకేశ్‌కు పంపాను. వాడు పొంగిపోయి తన గదిలో ఉండే పదిమందికీ చూపించాడట.

నా పక్క కుర్చీలో మందమర్రి పిల్ల స్తుతి కూర్చునేది. వాళ్ల నాన్న యెషయా బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు, ఆదివారాలు చర్చిలో వాక్యం చదువుతాడట. ఈ పిల్ల ఒక్కో రికార్డూ మొదటినుంచి చివరిదాకా వినేది. వింటూ కళ్లు తుడుచుకునేది కూడా. చూడలేక ఒకరోజు నేనే అన్నాను.

"గింత మెల్లగ చేస్తె ఎట్లనే? లెక్కల ఎన్కవడ్తున్నవ్."

"ఇనకుంట నొక్కుడెట్లక్కా? అబద్ధం గాదా?"

"దాని మీద 'చూశాను' అని ఉన్నది గాని, 'విన్నాను' అని లేదు గద."

నేను గొప్ప చమత్కారం చేశాననుకున్నాను. స్తుతి నా మొహం వంక చూసి, "గట్లనా అక్కా," అని హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుంది. మే మొదటి వారంలో లెక్క తక్కువైందని ఆ పిల్లను తీసేశారు. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వెళుతూ నాకు వందనాలు చెప్పింది. పిచ్చిపిల్ల, బతకడం తెలియదనుకున్నాను.

మా ఇల్లు సుల్తానాబాద్ దగ్గరి పల్లెలో. ఇంట్లో మా అమ్మ కిష్టవ్వ, నేను, అంతే. అమ్మ బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపి చుడుతూ, దారం కడుతూ ఊళ్లో సంగతులన్నీ మాట్లాడుతుంది. చేతుల వంక చూడదు. ఆ చేతులతోనే మమ్మల్నిద్దరినీ చదివించింది.

మే నడుమ ఒక ఆదివారం పొద్దున మాత్రం బీడీని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూస్తోంది.

"ఏందవ్వా, గంత దగ్గర వెట్టుకుంటున్నవ్?"

"ఎడమ కంటికి పరద జారినట్టు కొడ్తుంది బిడ్డా. కింద నుంచి నల్లగ లేస్తుంది. నిన్నటి సంది."

"నిన్ననే చెప్పొద్దా?"

"నువ్వు అలిసిపోయి వస్తివి. కన్నెక్కడికి పోతది తియ్."

సోమవారం సెలవు పెట్టి కరీంనగర్ కంటి ఆస్పత్రికి తీసుకుపోయాను. డాక్టరమ్మ చుక్కలు వేసి, లైటు కొట్టి, చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"కంటి వెనక పొర ఊడుతున్నదమ్మా. ఇంకా నడిమి దాక రాలే, అదృష్టం. నడిమి దాక వచ్చిందంటే చూపు మల్ల రాదు. గీ మూడు నాలుగు దినాల్లనే ఆపరేషన్ అయిపోవాలె."

బయట వరండాలోంచే అన్నకు ఫోన్ చేశాను. వాడు హడలిపోయాడు.

"నేను ఈడ దోస్తులను అడిగి రేపటికల్ల పైసలు పంపుత. రేపే చేయిద్దాం చెల్లె."

"దోస్తులను ఎందుకన్నా? మూడేండ్ల సంది నువ్వు బీమా కడ్తలేవా? దాంట్ల నువ్వు, అవ్వ ఇద్దరు ఉన్నరు. ఫోన్ చేసి చెప్పు, ఎల్లుండి దాక అనుమతి వస్తది."

"ఫోన్ల మిషిని మాట్లాడుతదట గదనే. అది కాదంటే?"

"కాదంటే మనుషులు చూస్తరు. నేను చేసే పని గదే గద. పేర్లు మాకు కనబడయి గాని, అందరియి మంచిగనే చూస్తం. ఫికర్ వెట్టుకోకు."

పక్కన బెంచీ మీద కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్న మా అమ్మ ఈ మాటలు విని, పక్కనున్న ముసలమ్మతో గర్వంగా అంది: "మా బిడ్డ ఆడనే నౌకరి చేస్తది. మిషిని మీద పెద్ద." ఆ ముసలమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి దండం పెట్టబోయింది. నేను వారించలేదు.

మా అన్న ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాడు, మిషన్ ఎంతో మర్యాదగా మాట్లాడిందని. మంగళవారం గడిచింది. బుధవారం మా ఆఫీసుకు తనిఖీ వచ్చింది.

తనిఖీ సంగతి ముందే తెలుసు. మా మేనేజరు సదానందం గారు పొద్దున్నే అందరినీ నిలబెట్టి పాఠం చెప్పాడు. ఆయనది పెద్దపల్లి దిక్కే, కానీ ఆఫీసు మెట్లెక్కగానే వార్తలు చదివేవాడి భాషలోకి మారిపోతాడు. "అందరూ హెడ్‌ఫోన్లు చెవులకు ధరించాలి. రికార్డు నడుస్తున్నట్టుగా తెర మీద గీతలు కదలాలి. మధ్యమధ్య కాగితం మీద ఏమైనా రాసుకుంటూ ఉండాలి. ఏమి రాశారన్నది ముఖ్యం కాదు."

ముగ్గురు వచ్చారు. నిబంధన ప్రకారం మనుషులు ఉన్నారా లేదా అని చూడడానికి వచ్చారు కాబట్టి, మా తలలు లెక్కపెట్టుకున్నారు. కుర్చీకొక తల ఉంది. తృప్తి పడ్డారు. అందులో పెద్దాయన గోడ మీద నా ఫొటో చూసి నా దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఈ ఫొటోలో అమ్మాయివి నువ్వేనా? ప్రతి ఒక్కటీ వింటావా అమ్మా?"

"వింట సార్."

"మిషన్ తప్పు చేసిన సందర్భాలు నీకు తగిలాయా?"

"తక్కువ సార్."

"చాలా సంతోషం. మీలాంటి వాళ్ల వల్లే జనానికి ఈ వ్యవస్థ మీద నమ్మకం నిలబడుతుంది," అన్నాడాయన. మూడో ఆయన దాన్ని పుస్తకంలో రాసుకున్నాడు. సదానందం గారి మొహం వెలిగిపోయింది. తర్వాత పై అంతస్తులో వాళ్లకు బిర్యానీ పెట్టారు. మిగిలింది మాకు పంపారు. బాగానే ఉంది, తిన్నాను.

ఈ నాటకం సగం రోజు తినేసింది. సగం రోజు పని తగ్గిందని లెక్క తగ్గిస్తారా? సాయంత్రం బస్సు వేళకు మొత్తం తెగ్గొట్టి లేవాలని ఒకటే హడావుడి. ఆ మధ్యాహ్నం నేను నొక్కిన నొక్కుళ్లకు చూపుడువేలు నొప్పి పెట్టింది. తెర మీద ఏం వచ్చిందో, ఏం పోయిందో నాకు గుర్తు లేదు. అయిదింటికి లేచి, నీళ్లు తాగి, బస్సు ఎక్కాను.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ పని ఆపి కూర్చుంది. నల్లటిది సగం దాకా వచ్చిందంది. "రేపు వస్తది తియ్యవ్వా," అన్నాను. "నువ్వున్నవు గదా," అంది. గురువారమూ అదే మాట.

శుక్రవారం పొద్దుగూకే వేళ అన్న ఫోన్ చేశాడు. మామూలుగా పలకరించే గొంతు కాదు.

"కాదన్నరే."

"ఎవరు?"

"నీ కంపెనోళ్లే. 'మానవ పరిశీలన అనంతరం తిరస్కరించడమైనది' అని పంపిన్రు. మిషిని కాదన్నదంటే దానికి దయ, ఇమానం లేదనుకుందు. మనిషి చూసి కాదన్నడట! మనిషే!"

"ఎందుకని రాసిన్రు?"

"బంధుత్వం పాలసీల లేదట. కన్నతల్లి బంధువు గాదట! ఎవడో పదిహేడో నంబరోడట, కింద వాని నంబరేసిన్రు. వాని చెయ్యి వడిపోను. నువ్వు ఆడనే ఉంటవ్ గద, జర వాన్ని దొరకవట్టు. వాడు ఏం చూసి కాదన్నడో నేను మాట్లాడుత వానితోని."

నా మెడలో కార్డు ఇంకా తీయలేదు. బస్సు దిగి అప్పుడే ఇంట్లోకి వచ్చాను.

"దొరకవడ్త అన్నా," అన్నాను.

శనివారం పొద్దున అందరికంటే ముందు ఆఫీసుకు చేరుకుని, అన్న పంపిన దరఖాస్తు నంబరు కొట్టాను. మిషన్ రాసిన సారాంశం తెర మీదికి వచ్చింది. ఎంత చక్కని తెలుగో. 'పాలసీదారు (వయసు 33) తమ అవ్వగారు, అనగా నాయనమ్మ (వయసు 54), కంటి శస్త్రచికిత్సకు అనుమతి కోరుచున్నారు. నాయనమ్మ పాలసీ పరిధిలో లేరు. బంధుత్వం సరిపడనందున పత్రాలు పరిశీలించబడలేదు. సిఫారసు: తిరస్కరణ.' కింద బుధవారం తారీఖు, మధ్యాహ్నం మూడూ ఇరవై. చూశాను, సరే. పదిహేడు.

ముప్పై మూడేళ్ల మనవడికి యాభై నాలుగేళ్ల నాయనమ్మ! మూడో తరగతి పిల్లవాడికి చూపించినా పడిపడి నవ్వుతాడు. ఆ రెండు అంకెలూ ఒకే వరసలో, నా కళ్ల ముందు, కనీసం ఒక్క క్షణమైనా ఉన్నాయి. నేను డిగ్రీలో లెక్కలు చదువుకున్నాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డు నొక్కాను.

"నమస్కారం. చికిత్స ఎవరికి అవసరమో తెలియజేయగలరా?" అంది మిషన్.

"మా అవ్వకు. మా అవ్వకు కన్ను కనబడ్తలేదు. జల్ది ఆపరేషన్ చేయాలన్నరు."

"మీ అవ్వగారికి కంటి చికిత్స కోరుతున్నారు. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?"

"ఆఁ, సరిగ్గనే. అవ్వకే." మా అన్న గొంతులో ఎంత ఊరటో. ఎండలో పనిచేసి వచ్చి, పది రింగులు మోగించి, చివరికి తన మాట ఒకరికి అర్థమైందన్న ఊరట. "జర మీరే చూసుకోవాలె మేడం," అన్నాడు. ఆ మిషన్‌ను మేడం అన్నాడు.

మా దిక్కున కన్నతల్లే అవ్వ. తండ్రిని కన్న తల్లి బాపమ్మ. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఇంటి ముందు నిలబడి అవ్వా అని పిలిచినా, పిలిచినవాణ్ని కన్న మనిషి పలుకుతుంది. ఈ మిషన్‌కు ఎవరో ఎక్కడో కూర్చుని నూరిపోసిన తెలుగులో మాత్రం అవ్వ అంటే నాయనమ్మ. దానికి తెలియదు. తెలియని దాన్ని సరిదిద్దడానికే, ఈ గడ్డ మీద పుట్టిందాన్ని, జీతమిచ్చి నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు.

సదానందం గారు రాగానే గదిలోకి వెళ్లి నిలబడ్డాను. దరఖాస్తు మా ఇంటిదేనని, అమ్మకు కన్ను పోయేలా ఉందని, మొత్తం చెప్పాను. ఆయన తెర చూసి చిన్నగా నిట్టూర్చాడు.

"ఇందులో వ్యవస్థ తప్పిదమేమీ లేదమ్మా. ప్రామాణిక భాషలో అవ్వ అంటే నాయనమ్మ, లేదా అమ్మమ్మ. వినియోగదారుడే స్పష్టంగా మాట్లాడలేదు."

"సార్, మీది పెద్దపల్లి. అవ్వంటె ఎవరో మీకు తెల్వదా?"

ఆయన నోరు తెరిచేలోగా బల్ల మీద ఫోన్ మోగింది. నా వైపు చెయ్యి అడ్డం పెట్టి ఎత్తాడు. "ఆఁ అవ్వా... తిన్న, తిన్న. నువ్వు గోలి వేసుకున్నవా? మల్ల మర్చిపోతవ్. సరె, పొద్దుగూకినంక వస్త." ఫోన్ పెట్టేసి, గొంతు సవరించుకుని, మళ్లీ వార్తల భాషలోకి వచ్చాడు. "ఏం చెబుతున్నాను? ఆఁ, విజ్ఞప్తి పెట్టుకోమనండి. ఏడు పనిదినాల్లో తేలుతుంది."

"ఏడు దినాలు ఆగదు సార్. నేనే మల్ల తెరిచి ఎర్రది నొక్కుత."

"ఒకసారి చూసిన మనిషి అదే దరఖాస్తును మళ్లీ చూడరాదు. అది నిబంధన. నిష్పాక్షికత కోసం పెట్టారు." తర్వాత నెమ్మదిగా, మా దిక్కు మాటలోనే అన్నాడు: "అయినా, మొన్న నీ ముందట ఎర్ర బటన్ లేకుండెనా ప్రవళిక?"

ఆ మనిషిని నేను ఎంత ఏవగించుకుంటానో మాటల్లో చెప్పలేను. కానీ ఎర్ర బటన్ నా ముందు ఉన్న మాట నిజం. బయటికి వచ్చేశాను.

అదే రోజు అన్న విజ్ఞప్తీ పెట్టాడు, దోస్తులను అడిగి పైసలూ పంపాడు. సోమవారం నాడు వాడు పంపుతానన్న పైసలే అవి. వద్దన్నది నేనే. శనివారం సాయంత్రానికి ఆస్పత్రికి చేరితే ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు హైదరాబాద్ పోయి ఉన్నాడు. మంగళవారం చేశారు. రెండు గంటలు పట్టింది. బయటికి వచ్చి డాక్టరమ్మ టోపీ తీసి నా దగ్గర నిలబడింది.

"పొర అతికించినం. కాని నడిమిది కూడ ఊడిపోయి ఉండె. ఎలుగు, చీకటి తెలుస్తయి. మనుషులను గుర్తు వట్టే చూపు ఇగ రాదమ్మా. మొదలు వచ్చిన నాడు నేను చెప్పినప్పుడే చేయించుకుంటే అయిపోతుండె. ఎందుకు ఆగిన్రు?"

"అనుమతి కోసం," అన్నాను. ఆమె టోపీ మడిచి జేబులో పెట్టుకుంది. అలా ఆగినవాళ్లను చాలామందినే చూసి ఉంటుంది.

మరుసటి రోజు, అమ్మ కంటికి కట్టుతో మంచం మీద పడుకుని ఉండగా, అన్న ఫోన్‌కు వచ్చిన సందేశాన్ని వాడు నాకు పంపాడు. 'మీ విజ్ఞప్తిని మానవ పరిశీలన అనంతరం ఆమోదించడమైనది. మీ నమ్మకానికి కృతజ్ఞతలు. ఇకమీదట బంధుత్వాలను స్పష్టమైన తెలుగులో తెలుపగలరని మనవి.' దాని కింద అన్న ఒక్క ముక్క కూడా రాయలేదు. దాన్ని అమ్మకు చదివి వినిపించకుండా ఫోన్ సంచిలో వేసుకున్నాను.

అప్పుడైనా ఉద్యోగానికి దండం పెట్టి వచ్చేశాననుకుంటున్నారా? నెల జీతం పడేదాకా ఆగాను. ఆ పది రోజులూ ప్రతి రికార్డూ విన్నాను. ఇచ్చోడ నుంచి, మంచిర్యాల నుంచి, ఎక్కడెక్కడి నుంచో మా మాటలే. ఒంట్లో నలతగా ఉందని చెప్పడానికి 'పాణం బాగలేదు' అంటే మిషన్ 'ప్రాణాపాయ స్థితి' అని రాసుకుని, కాగితాల్లో ఉత్త జ్వరమే ఉందని అబద్ధాలకోరుల కింద కొట్టేసింది. ఎర్రవి నొక్కీ నొక్కీ నా లెక్క అట్టడుగుకు పోయింది. గోడ మీద నా ఫొటో తీసి ఎవరో కుర్రవాడిది పెట్టారు. ఈ ఆలస్యపు నీతికి నన్ను మెచ్చుకోకండి. నా ఇంటి కప్పు అంటుకున్నాక నేను ఊరి మంటలు చూశాను, అంతే.

జీతం పడిన రోజు కార్డు బల్ల మీద పెట్టేసి మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేశాను. అమ్మ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. కట్టు విప్పి నాలుగు రోజులైంది. వద్దన్నా వినదు. కత్తెర ఆకు మీద పడాల్సిన చోట పడటం లేదు. కత్తిరించిన ఆకులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే సాంబయ్య నిన్న సగం కట్టలు వెనక్కి ఇచ్చాడట.

"సాంబయ్యను ఏమనలేం బిడ్డా. కట్ట విప్పి, నా ముందటనే ఒక్కొక్కటి చూసి ఇచ్చిండు. 'కిష్టవ్వా, నీ చెయ్యి గిట్ల లేకుండె గదనే' అని బాధవడ్డడు," అంది.

నేను వెళ్లి ఆమె ఎడమ పక్కన కూర్చున్నాను.

"జల్ది వచ్చినవ్?"

"నౌకరి ఇడిసిపెట్టిన."

"పోనీ తియ్. రాకేశు ఫోన్ చేసిండు. గా పదిహేడు నంబరోన్ని దొరకవట్టినవా అని అడుగుతుండు. నేనే చెప్పిన, వాన్ని అని ఏం లాభం కొడుకా, అంత మిషినే చేసింది, మిషినికేం తెలుస్తది పాపం అని."

"మిషిని కాదన్నది. సరే అని నొక్కింది నేను," అన్నాను. "పదిహేడు నేనే అవ్వా."

కత్తెర ఆగింది. మళ్లీ కదిలింది. ఒక ఆకు కత్తిరించి చాటలో వేసింది.

"నీకు మా పేర్లు కనబడయంటివి గద."

"కనబడయి."

"రాకేశు గొంతన్న ఉంటదా?"

"ఉంటది. ఇనొచ్చు."

"ఇన్నవా?"

"ఇనలే."

"ఇంటే తెలుస్తుండెనా?"

"తెలుస్తుండె."

 తిట్టలేదు, ఏడవలేదు. తిడుతుందేమోనని, తిడితే బాగుండునని ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఎండ అరుగు అంచు దాకా వచ్చింది. ఎడమ పక్కన ఉన్న మనిషిని చూడాలంటే ఆమె ఇప్పుడు మెడ పూర్తిగా తిప్పాలి. తిప్పలేదు. ఇంకో ఆకు తీసుకుని, వేళ్లతో తడిమి, కత్తిరించడం మొదలుపెట్టింది.